నాంచారి సైకిలు ఏ రంగు?

పొద్దున వాకిట్లో మీరిద్దరూ ఎదురింటి వాళ్ళ సైకిలు రంగు గురించి జుట్లు పట్టుకున్నారే, అప్పుడే అనుకున్నాను ఇవాళ ఏ కథ చెప్పాలో. పండూ, నువ్వు ఈ పక్కకి రా. చిన్నీ, నువ్వు ఆ పక్కన పడుకో. ఒకళ్ళకి నా చెయ్యి, ఒకళ్ళకి నా కొంగు. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగిందంటే నా కథా అక్కడే ఆగుతుంది, నూతిలో చేద ఆగినట్టు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికంతటికీ ఒకటే వీధి. వీధికి ఉత్తరాన ఒక వరస ఇళ్ళు, దక్షిణాన ఒక వరస ఇళ్ళు. ఉత్తరం వరసలో పిల్లాడు తుమ్మితే దక్షిణం వరసలో ముసలమ్మ చిరంజీవ అనేది, అంత దగ్గర. ఆ వీధి చివర గవరయ్య, వజ్రమ్మ అని మొగుడూ పెళ్ళాలు. వాళ్ళకి పున్నయ్య అని ఒక్కడే కొడుకు. ఆ పున్నయ్య పెళ్ళాం నాంచారి. ఈ కథ నాంచారిది.

రాజుగారున్నారా అంటావా? ఎందుకు లేరు, ఉన్నారు. సైకిలూ ఉంది, రాజుగారూ ఉన్నారు. రాజులుండే రోజుల్లో సైకిళ్ళెక్కడివి అని అడక్కు పండూ. మీ బళ్ళో చెప్పే కథల్లో ఉండవేమో, మా అమ్మమ్మ చెప్పిన కథలో ఉన్నాయి.

నాంచారికి నోరుంది, నాలుకుంది. మాటలు మాత్రం పుట్టింట్లోనే మరిచిపోయి వచ్చిందనేవాళ్ళు ఊళ్ళో. ఏమమ్మా అన్నం తిన్నావా అంటే తల ఊపేది. తినలేదా అన్నా తల ఊపేది. అదే ఊపు, చూసేవాళ్ళే అర్థం చేసుకోవాలి. లోపల మాత్రం ఏ మాటా తక్కువ లేదు. గొంతు దాకా వచ్చి, అక్కడ కూర్చుని, చుట్టూ చూసి, మళ్ళీ దిగిపోయేవి.

అటువంటి పిల్ల సైకిలు ఎలా సంపాదించిందనుకున్నారు? చిన్నప్పుడు వాళ్ళమ్మ చేతిలో ఒక కోడిగుడ్డు పెట్టి, తింటావా దాచుకుంటావా అని అడిగిందిట. నాంచారి దాచుకుంది. పొదగేస్తే పెట్టయింది. పెట్టా దాని పిల్లలూ కలిసి గంపెడయ్యాయి. గంపనిచ్చి మేకని తెచ్చుకుంది. మేకనీ దాని పిల్లల్నీ ఇచ్చి దూడని తెచ్చుకుంది. ఆ దూడని అత్తారింటికి తోలుకొచ్చింది. గడ్డి కోసి, కుడితి పెట్టి, అది ఆవయ్యాక సంతకి తోలుకెళ్ళి, ఆవునిచ్చి సైకిలు తెచ్చుకుంది. మా అమ్మమ్మ దీన్ని పాటలా అనేది. నాతో అనండి.

గుడ్డు దాస్తే కోడి,
కోడినిస్తే మేక,
మేకనిస్తే దూడ,
దూడ పెరిగితే సైకిలు!

ఎందుకు తెచ్చుకుంది? వాళ్ళమ్మ కోసం. నాంచారి పుట్టిల్లు పెద్ద కాలవ అవతల. నడిచి వెళితే పొద్దంతా నడకే, వెళ్ళాక ఆ రాత్రి అక్కడే ఉండి రావాలి. ఉండాలంటే అత్తగారిని అడగాలి. అడగాలంటే నోరు తెరవాలి. అదే సైకిలుంటేనా, చద్దన్నం తిని బయల్దేరి, అమ్మ చేతి కూర తిని, కాసేపు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, దీపాల వేళకి తిరిగొచ్చెయ్యొచ్చు. ఆవుని సంతకి తోలుకెళుతూ దారి పొడుగునా ఆ ఒళ్ళో తల పెట్టుకోవడమే అనుకుంది నాంచారి.

తీరా సైకిలు ఇంటికొచ్చాక ఏమైంది? ఇంటికి పెద్దవాణ్ణి నేను అని గవరయ్య తన గొడుగు తెచ్చి హ్యాండిలుకి తగిలించాడు. పొలానికెళ్ళేది నేను అని పున్నయ్య తన తువ్వాలు తెచ్చి సీటుకి చుట్టాడు. ఆడది సైకిలెక్కితే వీధి రెండు వరసలూ నవ్వుతాయి అని వజ్రమ్మ ఒక మాట తెచ్చి కోడలి నెత్తిన పెట్టింది. నాంచారి తల ఊపింది. ఆవుకి గడ్డి పెట్టిన చెయ్యి ఆ పిల్లది, సైకిలెక్కే కాళ్ళు ఇంకొకళ్ళవి.

ఊ కొడుతున్నారా? చిన్నీ, కళ్ళు మూసుకుంటే మూసుకో, ఊ మాత్రం కొట్టు.

ఇప్పుడు ఆ సైకిలు ఇంట్లో ఎక్కడుండేదో చెబుతాను, జాగ్రత్తగా వినండి. వాళ్ళ ఇంటి ముందు పంచ. పంచకి చివర ఒక స్తంభం. ఆ స్తంభానికి చేరేసి, ముందు చక్రం ఎప్పుడూ రోలు వైపుకే పెట్టి ఉంచేవాళ్ళు. దాని ఒక పక్క గడప వైపు, ఇంకో పక్క వాకిలి వైపు. వజ్రమ్మ బియ్యం ఏరుకున్నా, వత్తులు చేసుకున్నా గడప దగ్గరే. గవరయ్య చుట్ట కాల్చుకున్నా, కునుకు తీసినా వాకిట్లో నులక మంచం మీదే. ఆవిడ చోటు ఆవిడది, ఆయన చోటు ఆయనది.

శుక్రవారం వచ్చిందంటే వజ్రమ్మ తెల్లారగట్ల లేచి, తలంటుకుని, గడపకి పసుపు రాసేది. రాయగా గిన్నెలో ఇంకాస్త మిగిలేది. లక్ష్మీదేవిలాంటి పసుపు పారబోస్తామా? అందులో ఓ చెంచాడు ఆముదం కలిపి, తుప్పు పట్టకుండా ఉంటుంది, దిష్టీ తగలదు అని సైకిలుకి పులిమేది. అయితే వాళ్ళింట్లో ఒక మాట ఉంది. గడప పసుపు గిన్నె వాకిట్లోకి దిగిందంటే, దాని వెనకే లక్ష్మి కూడా దిగి వెళ్ళిపోతుందని వజ్రమ్మ అత్తగారు చెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పిందిట. అందుకని వజ్రమ్మ పంచలోనే నుంచుని, చెయ్యందిన ఈ పక్కకే పూసేది. ఆ పక్కకి పొయ్యేది కాదు. పైగా శుక్రవారం పూసిన పసుపు తుడవకూడదు. ఎవరైనా తుడవబోతే చేతి మీద ఒక్కటేసేది.

ఈ మాట కొంగున ముడేసుకోండి. తర్వాత విప్పుదాం.

సైకిలు వచ్చినప్పుడు నీలం. నెమలి మెడ చూశారూ, అటువంటి నీలం. వారం వారం పసుపు పడీ పడీ, దాని మీద మళ్ళీ పడీ, గడప వైపు పక్క మెల్లిగా రంగు తిరిగింది. రోజూ చూసే బిడ్డ ఎదగడం తల్లికి కనబడదంటారు. వజ్రమ్మకీ అంతే. తన కళ్ళ ముందే నీలం కాస్తా చిలకరెక్క ఆకుపచ్చ అయింది, అది మొదటి నుంచీ అంతే అనుకుంది.

ఒకరోజు ఏమైందంటే, గవరయ్య మంచం మీద నుంచి కేకేశాడు.

"ఒసే, ఆ నీలం సైకిలు మీద కాకి కూర్చుంది, అదిలించు."

వజ్రమ్మ బియ్యం చాట దించింది. "ఏ నీలం సైకిలు?"

"మన సైకిలే."

"మనది ఆకుపచ్చ సైకిలు."

"పొగ పట్టిన కళ్ళు నీవి. నీలం!"

"చుట్ట పొగా పొయ్యి పొగా? నా పొయ్యి పొగ పొగగూట్లోంచి పైకి పోతుంది. నీ చుట్ట పొగే నీ కళ్ళలోకి పోతుంది. ఆకుపచ్చ!"

"నీలం!"

"ఆకుపచ్చ!"

కాకికి విసుగొచ్చి అదే ఎగిరిపోయింది.

లేచి నాలుగడుగులు వేస్తే తేలిపోయే గొడవ. వేశారా? పెళ్ళాం మాట మీద లేచి పంచెక్కుతానా అని ఆయన మంచం దిగలేదు. అంత మాట పడ్డాక వాకిట్లోకి దిగుతానా అని ఆవిడ పంచ దిగలేదు. మరి పున్నయ్య రోజూ ఎక్కి తిరిగేవాడు కదా, వాడికి తెలియదా అంటావా? వాడి సంగతి చెబితే నవ్వుతారు. అమ్మ అన్నం వడ్డిస్తుంటే, అవునమ్మా ఆకుపచ్చే అనేవాడు. నాన్న పక్కన కూర్చుంటే, అవును నాన్నా నీలమే అనేవాడు. ఇద్దరూ ఉంటే మంచినీళ్ళు తాగుతూ కూర్చునేవాడు. ఎన్ని చెంబులు తాగాడో పాపం, రంగు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు నుంచి మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు. మధ్యలో నాంచారే.

"నాంచారీ, సైకిలు ఆకుపచ్చ అని ఒప్పుకున్నవాళ్ళకే ఈ ఇంట్లో మజ్జిగ అని మీ మావకి చెప్పు."

నాంచారి వాకిట్లోకి వెళ్ళి, "మజ్జిగ, మావయ్యా" అనేది.

"నీలం అని ఒప్పుకోని దాని చేతి మజ్జిగ నాకక్కర్లేదని మీ అత్తకి చెప్పు."

నాంచారి గడప దగ్గరికి వచ్చి, "తాగుతారుట, అత్తయ్యా" అనేది. చేదంతా తను మింగి, మజ్జిగ మాత్రం చేరేసేది.

మరి నాంచారికి అసలు సంగతి తెలుసా? తెలుసు! ఎలా తెలుసో మీకు మాత్రం చెబుతాను. మధ్యాహ్నం అత్తా మామా కునుకు తీసేటప్పుడు, పున్నయ్య సైకిలు ఇంట్లో వదిలి నడిచి చేలోకి పోయిన రోజుల్లో, ఆ పిల్ల చప్పుడు కాకుండా సైకిలు నడిపించుకుని పెరట్లోకి పోయేది. అక్కడ గడ్డివాము. గడ్డివాము చుట్టూ తిప్పుకుంటూ నేర్చుకుంది. పడింది, లేచింది, మోకాలికి పసుపే అద్దుకుంది. ఆఖరికి చీర కుచ్చెళ్ళు దోపుకుని, గాలిలో తేలినట్టు తిరిగేది. తనకీ, గడ్డివాముకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అలా చుట్టూ తిరిగిన పిల్లకి రెండు పక్కలూ తెలియవూ? మొగుడి పంచె ఉతికినప్పుడు ఒక కాలి వైపే పచ్చటి మరక ఉండటం, దానికి బట్టలుతికే చౌడుమట్టి తగలగానే ఎర్రబడటం కూడా చూసింది.

మరెందుకు చెప్పలేదు? చెబితే, నువ్వెప్పుడు చూశావే, ఎక్కడ తిప్పావే అంటారు. ఆ గడ్డివాము చుట్టూ తిరగడం కూడా పోతుంది. ఉన్న ఆ కాస్త గాలీ పోతుంది. అందుకని మాట గొంతు దాకా వచ్చి, కూర్చుని, దిగిపోయింది.

ఇంట్లో గొడవ ఇంట్లో ఉంటుందా? కుండలో పులుసు కాదుగా మూత పెట్టడానికి. వీధిలోకొచ్చింది. పున్నయ్య పొద్దున తూర్పుకి చేలోకి పోయేవాడు, సాయంత్రం పడమరకి ఇంటికొచ్చేవాడు. పోయేటప్పుడు ఉత్తరం వరసకి నీలం పక్క కనబడేది, వచ్చేటప్పుడు ఆకుపచ్చ పక్క కనబడేది. దక్షిణం వరసకి పొద్దున ఆకుపచ్చ, సాయంత్రం నీలం. ఇక చూడండి! పొద్దున నీలం అని వీళ్ళు, పొద్దున ఆకుపచ్చ అని వాళ్ళు. సాయంత్రానికి ఇటు మాట అటు, అటు మాట ఇటు. నిన్న మేమన్నదే ఇవాళ మీరంటున్నారు అని వీళ్ళు, మీరన్నదాన్ని మేమనడమేంటి అని వాళ్ళు. ఆ సైకిలుకి ఊసరవెల్లి దెయ్యం పట్టిందని ఒక ముసలాయన కనిపెట్టాడు. దానికి వేపమండ కట్టాలని ఒకావిడ, కడితే మరీ ఆకుపచ్చగా ఉంటుంది, అది వాళ్ళ వైపు మాటవుతుంది అని ఇంకొకావిడ. పెళ్ళిళ్ళకి పిలుపులు ఆగిపోయాయి. ఉత్తరం వరస పొయ్యికి కాస్త నిప్పు అడిగితే దక్షిణం వరస, ముందు రంగు చెప్పు, తర్వాత నిప్పు అనేది.

ఇలా కాదని ఒకరోజు పొద్దున సైకిలు తెచ్చి వీధి మధ్య నిలబెట్టారు. తేల్చేద్దామన్నారు. ఉత్తరం వరస తమ అరుగుల మీద కూర్చుంది. దక్షిణం వరస తమ అరుగుల మీద కూర్చుంది. అరుగు దిగితే ఓడిపోయినట్టేనని ఎవళ్ళూ దిగలేదు. కూర్చున్నచోటు నుంచే కేకలు.

నీలం! ఆకుపచ్చ! నీలం! ఆకుపచ్చ!

ఆ సమయానికి గోతాల గంగులు అని ఒకడు ఊళ్ళోకొచ్చాడు. పాత గోతాలు కొనుక్కునే వాడు, చూపులో చూపు కలవనివ్వడు. వాడేం చేశాడు? సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరూ తనవైపు చూడ్డం లేదని కూడా చూశాడు. గోతాలు వెనక క్యారేజీ మీద పడేసి, ఎక్కి, బెల్లు కొట్టి మరీ పోయాడు.

"అదిగదిగో, నీలం సైకిలు పోతోంది!" అని ఉత్తరం వరస.

"నీలం కాదు, పోతున్నది ఆకుపచ్చ సైకిలు!" అని దక్షిణం వరస.

"పొయ్యేటప్పుడైనా సరిగ్గా చూడండ్రా, నీలం!"

దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది. అప్పటికి గానీ ఎవరికీ తట్టలేదు, సైకిలు పోయిందని. ఒక్క నాంచారి మాత్రం పరిగెత్తింది. చెప్పులు లేకుండా, కొంగు జారిపోతుంటే నోట కరుచుకుని, కాలవ దాకా పరిగెత్తింది. కాలవ గట్టు మీద చక్రం గీత ఒకటి పాములా వంకర్లు తిరిగి రాజుగారి కోట దారి పట్టింది. ఆ గీత పక్కన కూర్చుని ఏడ్చింది. గుడ్డు, కోడి, మేక, దూడ, అన్నీ ఆ గీతలో పోయాయి. కాలవ అవతల పొగ కనబడుతోంది. అది వాళ్ళమ్మ పొయ్యి పొగేనేమో.

అయ్యో, ఏడవకు చిన్నీ. ఏడిస్తే కథ తడిసిపోతుంది. విను.

నాంచారి లేచింది. కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చి, అందరి ముందూ నుంచుని, "రాజుగారి దగ్గరికి పోదాం" అంది. వజ్రమ్మ చేతిలో గరిటె జారింది. కాపరానికొచ్చాక ఆ పిల్ల తనంతట తను అన్న మొదటి మాట అదే. ఆ ఆశ్చర్యంలోనే ముగ్గురూ బయల్దేరి ఆవిడ వెనక నడిచారు.

ఆ రాజుగారు మంచివారే, తాంబూలం పిచ్చి. పొద్దస్తమానం నములుతూనే ఉండేవారు. పక్కన వెండి పళ్ళెం, పళ్ళెంలో ఆకులు, వక్కలు, సున్నపుకాయ. నోరు ఖాళీ లేక సగం తీర్పులు తల ఊపే చెప్పేవారట. వీళ్ళు వెళ్ళేసరికి గంగులు అక్కడే ఉన్నాడు. సైకిలు రాజుగారికి చూపించి మెప్పు కొట్టేద్దామని తెచ్చాడు. వీళ్ళని చూసి కొంచెం కూడా బెదరలేదు. అది తనదేనన్నాడు, తన మేనమామ చేయించి ఇచ్చాడన్నాడు.

రాజుగారు ఆలోచించి, సైకిలు మీద ఒక దుప్పటి కప్పించారు. ఎవరి వస్తువు రంగు వాళ్ళకి తెలియకుండా ఉంటుందా, ఒక్కొక్కళ్ళే వచ్చి చెప్పండన్నారు.

వజ్రమ్మ వచ్చింది. ఆకుపచ్చ అంది.

గవరయ్య వచ్చాడు. నీలం అన్నాడు.

పున్నయ్య వచ్చాడు. అటు అమ్మని చూశాడు, ఇటు నాన్నని చూశాడు. "మహారాజా, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు.

సభంతా గొల్లుమంది. రాజుగారు నవ్వాపుకోలేక తాంబూలం మింగేశారు.

అప్పుడు గంగులు వచ్చాడు. చేతులు కట్టుకుని, "ఒక పక్క నీలం, ఒక పక్క ఆకుపచ్చ, మహారాజా" అన్నాడు.

దుప్పటి తీశారు. అటు నీలం, ఇటు ఆకుపచ్చ.

చూశారా పిల్లలూ! ఇంట్లో వాళ్ళకి తెలియలేదు, ఊళ్ళో వాళ్ళకి తెలియలేదు. దొంగకి తెలిసింది. ఎందుకంటే చుట్టూ తిరిగి చూసింది వాడొక్కడే.

వజ్రమ్మ కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. గవరయ్య సైకిలుకి ఆ పక్కకి వెళ్ళాడు, ఈ పక్కకి వచ్చాడు, మళ్ళీ ఆ పక్కకి వెళ్ళాడు. రాజుగారు తల పైకెత్తారు. ఇంక ఆ తల ఒక్కసారి కిందికి ఊగితే సైకిలు గంగులుదే.

నాంచారి గొంతులోకి మాట వచ్చింది. వచ్చి కూర్చుంది. చుట్టూ చూసింది. ఇంతమంది మగవాళ్ళు, ఇంత పెద్ద సభ. చెబితే గడ్డివాము సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే సైకిలే పోతుంది. మాట దిగిపోబోయింది. పోనిచ్చిందా? పోనివ్వలేదు! మింగిన మజ్జిగ మాటలన్నీ కిందనుంచి తోశాయేమో, పైకే వచ్చింది.

"ఆగండి!" అంది నాంచారి.

ఆ కేకకి పావురాళ్ళు లేచిపోయాయట. రాజుగారి తల మధ్యలో ఆగింది.

"మహారాజా, ఒక్క మాట అడగాలి. నన్ను కాదు, ఆయన్ని. ఆ పక్క ఆకుపచ్చ ఎలా వచ్చిందో అడగండి."

గంగులు నవ్వాడు. అదేం ప్రశ్న అన్నాడు. పట్నంలో రంగులు వేసేవాడి చేత వేయించానన్నాడు.

"రంగేనా?" అంది నాంచారి.

"రంగే."

"వేరే ఏదైనా పూశారేమో, బాగా గుర్తు తెచ్చుకో అన్నా."

"ఏం పూస్తారమ్మా? రంగే. డబ్బా రంగు."

"దేవుడి తోడుగా?"

"దేవుడి తోడుగా, మా మేనమామ తోడుగా, రంగే!"

నాంచారి రాజుగారి పక్కనున్న పళ్ళెం వైపు చూపించింది. "మహారాజా, ఆ సున్నపుకాయలోంచి చిటికెడు సున్నం ఇప్పించండి."

సున్నం వచ్చింది. సభంతా మెడలు సాచింది. నాంచారి వేలి మీద సున్నం తీసుకుని, తడి చేసి, ముందు నీలం పక్క రుద్దింది. ఏమీ కాలేదు, నీలం నీలమే. సైకిలు చుట్టూ తిరిగి ఈ పక్కకొచ్చింది. ఆకుపచ్చ మీద రుద్దింది.

ఏమైంది? చెప్పు పండూ. కొంగు ముడి విప్పు! పసుపుకి సున్నం తగిలితే ఏమవుతుంది? మీ పిన్ని పెళ్ళిలో పాదాలకి ఏం పెట్టాం? ఆ! పారాణి!

ఎర్రబడింది! వేలు పోయినంత మేరా ఎర్రగా, పెళ్ళికూతురి పాదంలా ఎర్రబడింది.

నాంచారి ఆ ఎర్రటి వేలు ఎత్తి చూపించింది. "డబ్బా రంగైతే సున్నానికి ఎందుకు సిగ్గుపడుతుంది మహారాజా? ఇది పసుపు. మా అత్తయ్య శుక్రవారం శుక్రవారం పూసిన పసుపు. ఈ పక్కే ఎందుకంటారా, మా ఇంట్లో గడప పసుపు వాకిట్లోకి దిగదు. అందుకని గడప వైపు కూర్చున్న మా అత్తయ్యకి ఆకుపచ్చ. వాకిట్లో కూర్చున్న మా మావయ్యకి నీలం. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ అవతలి పక్కకి పోలేదు, అంతే."

అంత పొడుగు మాట! వజ్రమ్మ కోడలి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, ఈ పిల్ల ఎవరి పిల్లా అన్నట్టు. గంగులు జారుకోబోయాడు. భటులు జారనిస్తారా? రెక్క పట్టుకున్నారు.

రాజుగారు కొత్త తాంబూలం వేసుకోవడం కూడా మరిచిపోయారు. "సరే, సైకిలు మీ ఇంటిదని తేలింది. మీలో ఎవరిది?" అన్నారు.

గవరయ్య గొడుగు మళ్ళీ హ్యాండిలుకి తగిలించాడు. పున్నయ్య తువ్వాలు మళ్ళీ సీటుకి చుట్టాడు. నాంచారి నేల చూపులు చూసింది. అప్పుడు వజ్రమ్మ ముందుకొచ్చింది.

"నా కోడలిది మహారాజా. గుడ్డు దాచింది అది, కోడిని పెంచింది అది, మేకని కాసింది అది, దూడకి కుడితి పెట్టింది అది. మేమంతా మాదే అనుకున్నాం గానీ, సైకిలు దానిది. ఏమయ్యోయ్, ఆ గొడుగు తియ్యి. ఒరే పున్నా, తువ్వాలు భుజాన వేసుకో."

గొడుగు దిగింది. తువ్వాలు దిగింది.

రాజుగారు మెచ్చుకుని, ఏం కావాలో కోరుకోమన్నారు నాంచారిని. నాంచారి రాజుగారిని ఏమీ అడగలేదు. అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మా అమ్మని చూసొస్తాను."

"చూసి రావే తల్లీ, నన్నడుగుతావేంటి? నీ సైకిలు, నీ కాళ్ళు. అయినా తొక్కడం వచ్చా నీకు?"

నాంచారి గడ్డివాము సంగతి చెప్పింది. వజ్రమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అదా సంగతి! వాము చుట్టూ ఆ దారి పడితే, పందికొక్కులనుకుని రోజూ తిట్టిపోస్తున్నాను కదే!" అంది. అని, చీర ఎత్తి దోపుకుని, క్యారేజీ మీద ఎక్కి కూర్చుంది. "ముందు నన్ను ఇంటి దగ్గర దింపు, తర్వాత మీ అమ్మ దగ్గరికి పో" అంది.

ఎక్కింది చూడండి నాంచారి! కోట వాకిట్లో ఎక్కింది, బెల్లు కొట్టింది, తొక్కింది. వెనక అత్తగారు. ఆ వెనక గొడుగుతో మామగారు, తువ్వాలుతో మొగుడు, పరుగో పరుగు. కొంగు గాలికి జెండాలా ఎగిరింది. వీధిలోకి వచ్చేసరికి రెండు వరసలూ అరుగుల మీదే ఉన్నాయి. నవ్వుతాయన్న వరసలు నవ్వాయా? నోళ్ళు తెరుచుకుని చూశాయి.

"ఆకుపచ్చ సైకిలు వచ్చింది! నీలం సైకిలు వచ్చింది!"

"ఒరేయ్, అరుగులు దిగి ఆ పక్కకెళ్ళి చూడండ్రా!" అని వజ్రమ్మ క్యారేజీ మీద నుంచి గట్టిగా ఒక్క కేక వేసింది. ఉత్తరం వాళ్ళు దక్షిణానికి దిగారు, దక్షిణం వాళ్ళు ఉత్తరానికి దిగారు. వీధి మధ్యలో తలలూ తలలూ ఢీకొన్నాయి. బొప్పికట్టినవాళ్ళు బొప్పి తడుముకుంటూ, అటూ ఇటూ చూసి, ఒకళ్ళనొకళ్ళు చూసి, నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుల్లోనే ఒక పిల్ల సున్నం మరక చూసి, "ఎర్ర సైకిలు!" అందిట. మళ్ళీ మొదలవుతుందేమోనని ఊరంతా హడలిపోయి ఆ పిల్లకి బెల్లంముక్క పెట్టింది.

నాంచారి వజ్రమ్మని పంచ దగ్గర దింపి, కాలవ వంతెన దాటి, వాళ్ళమ్మ ఇంటి ముందు బెల్లు కొట్టింది. వాళ్ళమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. ఆ తర్వాత ఏముంది, అమ్మ ఒళ్ళో తల. దీపాల వేళకి ఇంటికొచ్చేసింది. వస్తే ఇంట్లో ఏం జరుగుతోంది? వజ్రమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని మజ్జిగ పోస్తోంది, గవరయ్య తాగుతున్నాడు. ఆవిడ వాకిట్లోకి దిగినా లక్ష్మి ఎక్కడికీ పోలేదు, సైకిలు దిగి లోపలికొచ్చింది.

గంగులు ఏమయ్యాడంటావా? శుక్రవారం శుక్రవారం కోటలో ఉన్న గడపలన్నిటికీ పసుపు రాసే పని పెట్టారు రాజుగారు. చేతులు పచ్చబడిపోయి, ఏది ముట్టుకున్నా మరకే. ఇంక దొంగతనం ఎక్కడ చేస్తాడు? బుద్ధిగా బతికాడు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా వాదించుకుంటే, ఆ పక్కకెళ్ళి చూసొచ్చావా అంటారట. మీరిద్దరూ రేపు పొద్దున లేచి, జుట్లు పట్టుకోకుండా, ఎదురింటి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి రండి. ఆ తర్వాత నాకు చెప్పండి ఏ రంగో.

కథేమో నాంచారి క్యారేజీ ఎక్కి కంచికి పోయింది, మనమేమో దుప్పట్లోకి పోదాం. పండూ... చిన్నీ... ఊ కొట్టరేం? ఓహో. ఇద్దరూ ఒకే పక్కకి తిరిగి పడుకున్నారూ. మంచిది.